ఇంటిపేరు నడచిన దారి



బెంగుళూరు నగరమున ‘సర్ ఎం. వి.’ అను పేరు వినని వారుండరు. రైల్వే టెర్మినలునకు ఆ పేరు, మెట్రో స్టేషనునకు ఆ పేరు, పారిశ్రామిక ప్రదర్శనశాలకును ఆ పేరే. బడి పిల్లవాని నడిగినను ‘వి’ యనగా విశ్వేశ్వరయ్య యని తడుముకొనక చెప్పును. ‘ఎం’ అనగా నేమని యడిగినప్పుడు మాత్రము పెద్దలు సైతము ఒక క్షణ మాగుదురు. కన్నడదేశమున పేరునకు ముందుండు పొడియక్షరము తరచుగా ఊరినో తండ్రినో సూచించును గనుక, చిక్కబళ్ళాపురమునకు సమీపముననున్న ముద్దేనహళ్ళిలో 1861లో జన్మించిన ఆ మహానుభావుని ‘ఎం’ ముద్దేనహళ్ళియే యై యుండునని తోచుట సహజము. అది ముద్దేనహళ్ళి కాదు, మైసూరును కాదు, మోక్షగుండము.

మోక్షగుండము ఆంధ్రదేశమున, నల్లమల కొండల తూర్పు ఛాయలో, బేస్తవారిపేట మండలమున నున్న గ్రామము. ఒకప్పుడు కర్నూలు జిల్లాలోనిదై యుండి, 1970లో ఒంగోలు జిల్లా యేర్పడినపుడు అందు చేరినది. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పంతులుగారి పేరు వచ్చినది. అచ్చట ముక్తేశ్వరస్వామి వెలసి యున్నాడు. విశ్వేశ్వరయ్యగారి పూర్వులు ఆ గ్రామమునుండి మైసూరు సీమకు తరలివచ్చిరి. వారి జీవితచరిత్ర వ్రాసిన వారు దానిని మూడు శతాబ్దముల నాటి మాటగా చెప్పుదురు. అన్ని తరములు గడచినను, నివాసము మారినను, ఇరుగుపొరుగు భాష మారినను, సంస్కృత పండితులైన తండ్రిగారు మోక్షగుండం శ్రీనివాసశాస్త్రిగారుగనే యుండిరి. కుమారుడు లండను వరకు పోయినను, సర్ బిరుదము పొందినను, 1955లో భారతరత్నమైనను, ఆ పల్లె పేరు ఒక్క అక్షరముగా కుదించుకొనిపోయి ఆయన సంతకము ముందు నిలిచియే యున్నది.

ఇచ్చట నొక చిన్న తర్కమును శ్రోతలు గమనింపవలెనని నా ప్రార్థన. మోక్షగుండములో నున్నంతకాలము ఏ కుటుంబమునకును మోక్షగుండమువారు అను ఇంటిపేరు రానేరదు. ఆ ఊర నందరును మోక్షగుండమువారే గనుక ఆ పేరు ఒకరి నొకరినుండి వేరుపరచుటకు పనికిరాదు. మూటాముల్లె కట్టుకొని మరియొక ఊరు చేరినపుడు, ఆ క్రొత్తయూరివారు “ఎవరండీ వీరు?” అని యడిగి, “మోక్షగుండమునుండి వచ్చినవారట” అని తమలో తాము చెప్పుకొని, ఆ చెప్పుకొనుటయే క్రమముగా పేరుగా గట్టిపడును. అనగా ఊరిపేరు ఇంటిపేరైన ప్రతి కుటుంబమును ఆ ఊరు విడిచిన కుటుంబమేయని చాలవరకు చెప్పవచ్చును. గ్రామము ననుభవించిన అగ్రహారీకులు, దొరలు, కరణాలు దీనికి మినహాయింపు. ఇంటిపేరును మనము మూలమునకు గుర్తుగా చెప్పుకొందుము గాని, నా దృష్టిలో నది ప్రయాణమునకు గుర్తు. అది మనవారు పుట్టినచోటును గాక, పేరు గట్టిపడిననాడు విడిచివచ్చిన చోటును చెప్పును. అంతకు ముందెన్ని యూళ్ళు విడిచిరో చెప్పదు.

ఇంటిపేరు ప్రయాణమునకు గుర్తగుట మనకు మాత్రమే చెందినది కాదు. ఇంగ్లండు ఉత్తరభాగమున డర్హము మండలములో వాషింగ్టన్ అను గ్రామ ముండెడిది. పండ్రెండవ శతాబ్దము చివర, 1183 ప్రాంతమున, హెర్ట్‌బర్న్ అను చోట భూమి గల విలియము అను ప్రభువు, ఆ భూమి నిచ్చి ఈ గ్రామాధిపత్యమును పుచ్చుకొనెను. అంతవరకు హెర్ట్‌బర్న్ విలియముగా నున్నవాడు భూమి మారగానే వాషింగ్టన్ విలియ మయ్యెను. ఆ కాలమున ఇంగ్లీషువారి ఇంటిపేరింకను పచ్చిమట్టియే. మనిషి కదలిన నదియు కదలెడిది. తరువాత రెండు మూడు శతాబ్దములలో అది కాలి గట్టిపడినది. కొన్ని తరముల పిమ్మట ఆ వంశపు శాఖయొకటి దక్షిణముగా నార్తాంప్టన్ మండలము చేరి, 1539లో లారెన్సు వాషింగ్టన్ అనునతడు సల్‌గ్రేవ్ గ్రామమున భూమి సంపాదించి ఇల్లు కట్టెను. ఈసారి పేరు మారలేదు. సల్‌గ్రేవులో నున్నను వారు వాషింగ్టనులే. అతని సంతతివాడైన జాను 1657 ప్రాంతమున అట్లాంటికు దాటి వర్జీనియా చేరెను. ఆ జాను మునిమనుమడే 1732లో జన్మించిన జార్జి వాషింగ్టన్. ఒక మారుమూల పల్లె పేరు, ఆ పల్లెను కన్నెత్తి చూడని వాని మూలమున, సముద్రమున కావల నొక మహారాజ్యపు రాజధానికి పేరైనది. మోక్షగుండము పేరు బెంగుళూరు రైల్వే టెర్మినలునకు చేరిన దారియు సరిగా నిట్టిదే.

ఇంగ్లీషువారి ఇంటిపేర్లన్నియు ఊళ్ళవే యనుకొనరాదు. కమ్మరి స్మిత్తు, జాను కొడుకు జాన్సను. మన బ్రౌను దొరగారి పూర్వులలో నెవరిదో జుట్టో చర్మమో గోధుమవన్నెదై యుండును. ఆ వన్నె పేరే శతాబ్దములు గడచి, తాళపత్రములను వెదకించి తెలుగు నిఘంటువు కూర్చిన వాని పేరుగా మనకు దక్కినది. మనకును కొట్టరువు తిక్కనగారి ఇంటిపేరు కొఠారుపై అధికారమును తెలుపునట్టిది. బమ్మెర పోతనగారిది ఊరు. తాళ్ళపాక అన్నమాచార్యులవారిది ఊరు. గురజాడ అప్పారావుగారిది కృష్ణాజిల్లా ఊరు, కాని ఆయన పుట్టి పెరిగి వ్రాసినదంతయు విశాఖపట్టణ, విజయనగర ప్రాంతముల. గురజాడ అనగానే విజయనగరము తలంపునకు వచ్చునుగాని కృష్ణాజిల్లా గ్రామము తలంపునకు రాదు. ఇంటిపేరు తన యూరిని మించి ఎదిగిన దనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

మరల నల్లమల ఛాయకు వత్తము. మోక్షగుండమునకు ఎంతో దూరము కాకుండ, కంభము చెరువు ప్రాంతమున, అర్ధవీడు మండలములో కాకర్ల యను గ్రామము కలదు. ఆ గ్రామనామము కాకర్ల త్యాగబ్రహ్మమువారి ఇంటిపేరు. ఆయన 1767లో తిరువారూరున జన్మించి, తిరువయ్యారున కావేరి యొడ్డున జీవించి, 1847లో అచ్చటనే సిద్ధిపొందిరి. త్యాగరాజస్వామియు విశ్వేశ్వరయ్యగారును ఉభయులును ములికినాటి శాఖవారే. ఒకే కొండల నీడనుండి రెండు కుటుంబములు వేర్వేరు కాలములందు బయలుదేరి, ఒకటి కావేరి డెల్టాకును, ఒకటి ముద్దేనహళ్ళియున్న నందికొండ పాదమునకును చేరినవి. మొదటిదానినుండి కావేరి తీరమున సంగీతము పుట్టినది. రెండవదానినుండి అదే కావేరికి ఎగువను కన్నంబాడి ఆనకట్ట పుట్టినది. కాకతాళీయమని పెదవి విరుచువారితో నాకు తగవు లేదు గాని, భూగోళపటమును ముందు పెట్టుకొని చూచినపుడు నాకు ముచ్చట కలిగినమాట నిజము.

వీరేల కదలిరి? 1565లో తళ్ళికోట యుద్ధమున విజయనగరము కూలిన పిదప రాజధాని పెనుగొండకును, తరువాత చంద్రగిరికిని జరిగినది. రాజు కదలినచో కవి, పండితుడు, వైద్యుడు, దండనాయకుడు, వానిననుసరించి సేద్యగాడును కదలుదురు. అప్పటికే తంజావూరు, మధుర నాయకరాజులు తెలుగువారై, ఆస్థానములందు తెలుగుకు పట్టము గట్టి యుండిరి. ఇటు మొరసునాట, అనగా నేటి కోలారు, బెంగుళూరు, హోసూరు ప్రాంతముల, తెలుగును కన్నడమును ఒకే ఇంట మాటలాడుకొను కాపు జనము దట్టముగా నుండిరి. 1537లో బెంగుళూరు కోట గట్టించిన కెంపేగౌడ ప్రభువు సైతము గంగాగౌరీవిలాస మను యక్షగానమును తెలుగున రచించెననిన, ఈ సీమ తెలుగునకు పరాయిది కాదని వేరుగా చెప్ప నక్కరలేదు.

సర్వేపల్లివారి కథయు నిట్టిదే. సర్వేపల్లి నెల్లూరు జిల్లాలోని గ్రామము. రాధాకృష్ణ పండితులు 1888లో తిరుత్తణిలో జన్మించిరి; మైసూరు విశ్వవిద్యాలయమున 1918 మొదలు 1921 వరకు ఆచార్యులుగా నుండిరి; తరువాత ఆక్సుఫర్డు, రాష్ట్రపతి భవనము లోకవిదితములు. ఇంత తిరిగినను ఆ పల్లె వెంటనే యున్నది. మోక్షగుండమువారి విషయమున మరియొక విశేషము కలదు. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదును ముంచినపుడు, నిజాము ప్రభుత్వము వరద నివారణోపాయము చెప్పుటకు విశ్వేశ్వరయ్యగారినే పిలిచినది. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు ఆయన సలహా ఫలితములు. తెలుగు పల్లెను విడిచిపోయిన ఇంటిపేరు ఇంజనీరుగా తిరిగివచ్చి తెలుగు గడ్డ ఋణమును నీటిరూపమున తీర్చినది.

ఇక నేను నివసించు బొమ్మసంద్ర మాట. పెనుగొండనుండి చిక్కబళ్ళాపురము మీదుగా బెంగుళూరు వచ్చు జాతీయ రహదారియే నగరమును దాటి, హోసూరు దిక్కుగా బొమ్మసంద్ర మీదుగా పోవును. పూర్వము వలస నడచిన దిక్కుననే నేటి బస్సులును వచ్చుచున్నవి. బొమ్మసంద్ర, సింగసంద్ర మొదలగు ఊళ్ళ చివరనున్న సంద్ర, సముద్రమునకు వికృతియని పెద్దలందురు; సముద్రమనగా నిచ్చట చెరువు. ఇప్పుడు చెరువుకంటె కర్మాగారములకు ప్రసిద్ధి. 2025 ఆగస్టులో పసుపు గీత మెట్రో వచ్చి ఈ ఊరితో ముగిసినది. ఆ స్టేషను పేరు డెల్టా ఎలక్ట్రానిక్స్ బొమ్మసంద్ర. మనుష్యులకు ఊరు ఇంటిపేరగుట యెరుగుదును గాని, ఊరికే ఒక తైవాను సంస్థ ఇంటిపేరై ముందు నిలుచుట నేను చూచుట ఇదియే మొదటిసారి.

ఈ పారిశ్రామికవాడలో అనంతపురము, చిత్తూరు, కడప, ప్రకాశము జిల్లాలనుండి వచ్చి పనిచేయు యువకు లనేకులు. ఉదయము పనివంతు మారు వేళ, మెడలో నీలిపట్టీకి వ్రేలాడు గుర్తింపు చీటీలతో టీ దుకాణము చుట్టును నిలుచుందురు. ఆ చీటీలను చదువుట నాకొక దురభ్యాసము. ఒకరి మెడలోని చీటీపై శ్రీనివాసులు కె. అని యుండగా, “ఇంటిపేరేమి బాబూ?” అని యడిగితిని.

“కె సార్.”

“కె అనగా?”

“బళ్ళో అట్లనే రాసినారు సార్. అవ్వను అడగాల.”

ఆ ‘కె’ కదిరి కావచ్చును, కంభము కావచ్చును, కాకర్లయే కావచ్చును. టీ దుకాణమువద్ద కనబడిన ఆ యువకుని తప్పు నేనెంచను. తమిళదేశమున, కన్నడదేశమున పొడియక్షరమే ఆచారము. అయితే అచ్చటి పద్ధతి వేరు. కన్నడ మహాకవి పుట్టప్పగారి ‘కె’ కుప్పళ్ళి గ్రామము. గుండప్పగారు ముళబాగిలున జన్మించినను వారి ‘డి’ దేవనహళ్ళి. ఆ గ్రామనామములు వంశమునకు శాశ్వతముగా అంటినవి కావు. తరము మారిన అక్షరమును మారవచ్చును. మన ఇంటిపేరు వంశమునకు చెందినది, తరముతో మారదు. మారని దానిని మారుదాని అచ్చులో పోసినచో ఒకటి రెండు తరములలో అక్షరము మిగులును, పేరు పోవును. దీనికి తోడు కంప్యూటరు దరఖాస్తులలో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్ళుండును. మొదట రావలసిన మన ఇంటిపేరును ఏ గడిలో వ్రాయవలెనో తెలియక, కొందరు మొదటి గడిలో వ్రాసి పాస్‌పోర్టు కార్యాలయముచుట్టు తిరుగుదురు. కొందరు చివర వ్రాసి అమెరికా చేరి, సత్య నాదెళ్లగారివలె, ఇంటిపేరును తోకగా ధరింతురు. తోకయైనను నిండుగా నున్నది గదా, అది మేలు.

పూర్వము సముద్రములు దాటిన మనవారి కీ భాగ్యమును లేకపోయినది. 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మదరాసునుండి కూలీలతో దక్షిణాఫ్రికా డర్బను రేవు చేరినది. తరువాత వచ్చిన ఓడలలోను తెలుగువా రెందరో కలరు. వలస కార్యాలయమువారి జాబితాలో సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, దేహమున గుర్తులు అని గళ్ళుండెను గాని, ఇంటిపేరునకు గడి లేదు. గడి లేనిది కాగితమెక్కదు. కాగితమెక్కనిది మనుమని కాలమునకు నిలువదు. అందుచే నాయుడు, రెడ్డి వంటి గౌరవపదములే అచ్చట వంశనామములైనవి. మారిషస్సునను తాతగారి సొంత పేరే మనుమల వంశనామమైన కుటుంబములు పెక్కు. అయినను ఆ జాబితాలలో గ్రామము పేరున్నది గనుక నేడును కొందరు దానిని పట్టుకొని తమ పల్లెను వెదకుకొనుచున్నారు. బొమ్మసంద్ర గుర్తింపు చీటీకంటె నాటి కూలీ జాబితాలో మనిషి ఊరు ఎక్కువగా తెలియుచున్నదనిన ఎవరేమనగలరు!

బెంగుళూరునకు వచ్చిన ఇంగ్లీషు ఇంటిపేర్ల గతి దీనికి విపర్యయము. 1882లో మైసూరు మహారాజు చామరాజ ఒడెయరువారి ఔదార్యమున ఆంగ్లో ఇండియనులకై వెలసిన వలసకు వారి నాయకుడైన వైటుగారి పేర వైట్‌ఫీల్డ్ అని పేరు పెట్టిరి. ఇంగ్లండున ఊరు మనిషికి పేరయ్యెను. ఈ దేశమున మనిషి ఊరికి పేరయ్యెను. ఏలువారికి అది సాధ్యము, కూలికి సాధ్యము కాదు.

ఇంటిపేరును సాక్ష్యముగా వాడుకొనునపుడు రెండు జాగ్రత్తలు వలెను. మొదటిది, ఒకే ఇంటిపేరు గలవారందరు ఒకే రక్తమువారు కారు. కాకర్లవారు బ్రాహ్మణులలో నున్నారు, కమ్మవారిలో నున్నారు. ఒక ఊరు విడిచినవారందరికి ఆ పేరు తగులును గాని వారొకే చూరుక్రిందివారని దాని కర్థము లేదు. ఇంటిపేరు కలసినదని చుట్టరికము కలుపుకొనుట మర్యాదయే. చరిత్ర మాత్రము కాదు. రెండవది, ఇంటిపేరు ఒక పాయలోనే ప్రవహించును. దత్తత వలన మారును: శ్రీశ్రీగారు పూడిపెద్దివారి ఇంట పుట్టి శ్రీరంగమువారైరి. వివాహము వలన మారును: కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి సోదరి మనకు భండారు అచ్చమాంబగానే తెలియును. తల్లి పుట్టినింటి పేరును, ఆమె తల్లి పుట్టినింటి పేరును ఏ గడిలోను వ్రాయము. కావున ఇంటిపేరు చెప్పు వలసకథలో సగము, అందులోను ప్రతి తరమున క్రొత్తయింటికి కదలివచ్చిన స్త్రీల సగము, కనబడనే కనబడదు. వంశవృక్షములు గీచువారు తరచుగా దీనిని మరతురు.

శ్రోతలలో ఇంటిపేరును ఒక్క అక్షరముగా మోయుచున్న వారుందురు. మీ ఇండ్లలో అవ్వయో తాతయో ఇంకను మాటలాడగల స్థితిలో నున్నచో, ఈ ఆదివారమే వారిని ఫోనులో పిలిచి మూడు ప్రశ్నలడుగుడు: మన ఇంటిపేరు నిండుగా నేమి? ఆ పేరుగల ఊరు ఏ తాలూకాలో నుండెడిది? నాయనమ్మది, అమ్మమ్మది పుట్టినింటి పేర్లేవి? వారు చెప్పినది చెప్పినట్లు తారీఖు వేసి తెలుగులో వ్రాసియుంచుడు; పిల్లలను బడిలో చేర్పించునాడు ఆ కాగితమును వెంట తీసికొనిపోయి, పట్టీలో పొడియక్షరము కాక పూర్తి పేరు వ్రాయుమని గుమాస్తాగారిని కోరుడు.